బుజ్జిదాని జుట్టు గురించి

చి.సౌ. సుజాతకి,

ఆశీస్సులు. బుజ్జిదానికి మొదటి కీమో (క్యాన్సరు మందు) అయిందని, జుట్టు సంగతి ఎప్పుడు చెప్పాలో తోచడం లేదని రాశావు. ఇవాళే చెప్పు. మందు మొదలైన రెండు మూడు వారాలకి ఊడటం మొదలవుతుంది. పొద్దున్నే తలగడ మీద గుప్పెడు జుట్టు కనబడి అది బెదిరిపోయాక చెబితే ఏం లాభం?

ఆరేళ్ల పిల్లకి రెండు మాటలు చాలు. ఒంట్లో గబగబా పెరిగేవాటిని మందు కొడుతుంది, జబ్బూ గబగబా పెరిగేదే, జుట్టు కుదుళ్లూ గబగబా పెరిగేవే, అందుకే జుట్టుకీ తగులుతుందని చెప్పు. అల్లరి చేసినందుకు కాదని విడిగా చెప్పు. ఈ వయసు పిల్లలు తప్పంతా తమదే అనుకుంటారు. "నీకు ఊడదులే" అనకు. ఊడిన రోజున నీ మిగతా మాటలూ నమ్మదు. కనుబొమలు, రెప్పవెంట్రుకలు కూడా పోవచ్చని ఇప్పుడే చెప్పి ఉంచు, అవి పోయినా పిల్లలు అద్దం ముందు దిగులుపడతారు. ఊడబోయే ముందు మాడు చుర్రుమంటుంది, దువ్వెన తగిలితే ఓర్చుకోలేదు.

జడ విషయం. నడుం దాకా ఉన్న జడ ఒక్కసారిగా ఊడితే చిక్కు పడి ఉండలు కడుతుంది, లాగితే మాడు మండుతుంది. కాబట్టి ఈ వారమే మెడ దాకా కత్తిరించు. పైన ఒకటి, కింద ఒకటి రబ్బరుబ్యాండు గట్టిగా బిగించి, పై బ్యాండుకి వేలెడు పైన కత్తెర పెట్టు. బ్యాండు కింద కోస్తే జడంతా విడిపోతుంది. దాన్ని బాగా ఆరబెట్టి కాయితం కవరులో దాచు. మన తేమకి ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది. కత్తెర దాని చేతికే ఇచ్చి ఒక్క కోత దాన్నే వెయ్యనియ్యి, ఇష్టపడితేనే సుమా. ఇక బిగుతు జడలు, పిన్నులు, కనకాంబరాలు వద్దు.

గుండు అడిగితే చేయించు, అడక్కపోతే ఊరుకో. చేయిస్తే మాత్రం ఇంట్లోనే, ట్రిమ్మరుతో. వాడపల్లి వెంకన్నకో, చిన్న తిరుపతికో తలనీలాలు ఇప్పుడే ఇచ్చేద్దాం, ఎలాగూ ఊడేదే కదా అని మీ అత్తగారు అంటారు, నాకు తెలుసు. కుదరదని మెల్లగా చెప్పు. కల్యాణకట్ట దగ్గర జనం, పైగా కత్తి. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు చిన్న గాటుకే రక్తం ఆగదు. క్రిములతో పోరాడే తెల్లకణాలు తగ్గినప్పుడు ఆ గాటులోంచే క్రిములు ఒంట్లోకి పోతాయి. చాలా మందులకి 7 నుంచి 14 రోజుల మధ్య కణాలు బాగా పడిపోతాయి, అందుకని గుండుకి ముందు కౌంట్లు (ఈ కణాల లెక్క) ఎలా ఉన్నాయో డాక్టరుని అడుగు. స్వామి ఎక్కడికీ పోడు, మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు.

ట్రిమ్మరు బ్లేడు స్పిరిట్‌తో తుడిచి 3 మిల్లీమీటర్ల గార్డు పెట్టండి. మిగిలిన పొట్టి వెంట్రుకలు కొన్ని రోజులు రాలుతూ సూదుల్లా గుచ్చుకుంటాయి. తడి మెత్తని గుడ్డతో అద్దుతూ తియ్యి, రుద్దకు. మందు ఎక్కించడానికి ఛాతీకి పెట్టిన గొట్టం (లైను) పట్టీ కింద వెంట్రుకలు ఇరుక్కుంటే అతుకు లేవొచ్చు. కత్తిరించేటప్పుడు మెడ చుట్టూ తువ్వాలు కట్టి లైను మూసెయ్యి. గుండు మీద గంధం రాసే అలవాటుంది మనకి. చర్మం ఎండిపోయి దురద పెడుతుంది, మానెయ్యి. ఉల్లిరసం, గుంటగలగర ముద్ద, సున్నిపిండి, కుంకుడురసం ఏవీ వద్దు. రెప్పవెంట్రుకలు లేని కంట్లో కుంకుడు పడితే ఎలా ఉంటుందో ఊహించుకో. పసిపిల్లల షాంపూ, గోరువెచ్చని నీళ్లు, రెండు రోజులకోసారి, అంతే. కాలవ స్నానం, గోదారి మునకా రెండూ మాను.

టోపీకి పాత బనీను గుడ్డని మించింది లేదు. నైలాన్‌వి మన ఉక్కకి చెమట పట్టి పొక్కులు తెస్తాయి. కనుబొమల మీద రెండు వేళ్లు వదిలి తల చుట్టూ టేపు పెట్టి కొలువు, కుట్టు బయటికి వచ్చేలా కుట్టాలి. లోపలికి ఉంటే మాడు ఒరుస్తుంది. నాలుగుండాలి: తలమీద ఒకటి, ఉతుకులో ఒకటి, ఆరుతున్నది ఒకటి, ఆసుపత్రి సంచిలో ఒకటి. ఏసీ వార్డులో రాత్రిళ్లు తల చల్లబడిపోతుంది. ఎండలోకి వెళ్తే టోపీతో పాటు గొడుగూ ఉండాలి. విగ్గు అడిగితే కొనండి గానీ, ఈ వేడికి చాలామంది పిల్లలు గంటలో తీసి పారేస్తారు.

చుట్టాలొచ్చి "ఏ మొక్కు?" అంటారు. దాని ఎదురుగా వాడపల్లి అని బొంకకు, జబ్బు సిగ్గుపడే విషయం అనుకుంటుంది. "మందుకి ఊడింది, మళ్లీ వస్తుంది" అనే ఒక్క వాక్యం దానికీ నేర్పు. బడికి పంపే ముందు టీచరుతో, ఇది అంటుకునే జబ్బు కాదని తరగతిలో చెప్పించు. వాళ్ల నాన్న తోడుగా గుండు చేయించుకుంటానన్నాడట, ముందు బుజ్జిదాన్ని అడగమను. కొందరు పిల్లలకి అది నచ్చదు.

మాడు మీద ఎర్రటి పొక్కు, చీము, లేదా 100.4 డిగ్రీల జ్వరం కనబడితే ఇంట్లో పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకు. ఆ రాత్రే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరు.

బలమైన మందులు ఆగాక నెలకో, మూడు నెలలకో నూగులా మొలుస్తుంది. ల్యుకేమియాలో (రక్త క్యాన్సరులో) ఆ తర్వాత చాలాకాలం ఇచ్చే మెయింటెనెన్సు మాత్రలు మింగుతుండగానే రావడం మామూలే. రంగో, ఉంగరాలో మారి రావచ్చు. తలకి రేడియేషన్ ఇచ్చిన చోట మాత్రం పలచగా ఉండిపోవచ్చు, అది డాక్టరునే అడుగు. ఒత్తుగా వస్తుందని మళ్లీ గుండు గీయించకండి, దానివల్ల ఏమీ ఒత్తవదు.

టేపు కొలత రాసి పంపు. నాలుగు టోపీలు కుట్టి బస్సులో వేస్తాను.

మీ పెద్దమ్మ