గంటల చిట్టా

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మీ అత్తయ్య, నేను క్షేమం. నీ ఉత్తరం అందింది. మండల కార్యాలయంలో ఉద్యోగం చేసుకుంటూనే గ్రూప్-2 పరీక్షకు చదవాలని నిశ్చయించుకుని, రోజుకు ఎనిమిది గంటల చొప్పున టైంటేబుల్ వేసి గోడకు అంటిస్తే అది నాలుగో రోజుకే తప్పిందనీ, నీకు పట్టుదల లేదేమోనన్న దిగులు పట్టుకుందనీ రాశావు. నాకు అనుమానం నీ పట్టుదల మీద కాదు, నీ లెక్క మీద.

వారానికి 168 గంటలు. నిద్రకు రోజుకు ఏడు చొప్పున 49, ఆఫీసుకూ రానుపోను బస్సు ప్రయాణానికీ కలిపి 60, స్నానానికీ భోజనాలకూ 14 తీసివేస్తే 45 మిగులుతాయి. బజారు పనులు, మీ అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లడం, వచ్చే పోయే చుట్టాలు, ఒంట్లో నలతగా ఉన్న పూటలు, వీటన్నిటికీ 15 పోయాయనుకుంటే చేతికి వచ్చేవి 30. నీ టైంటేబుల్ అడిగినవి 56. లేని 26 గంటలను ఖర్చు రాసిన పద్దు మూడు రోజులైనా నిలబడిందంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది.

కాబట్టి ముందుగా చేయవలసింది కొత్త టైంటేబుల్ వేయడం కాదు, చిట్టా రాయడం. వ్యాపారం చేసేవారు ఏ రోజు జమాఖర్చులు ఆ రోజే చిట్టాలో జరిగింది జరిగినట్టు రాసి, ఆ తరువాత తీరికగా ఆవర్జాలోకి పద్దుల వారీగా ఎక్కించుకుంటారు. జరగవలసినదాన్ని, జరిగితే బాగుండుననుకున్నదాన్ని చిట్టాలో ఎవరూ రాయరు. నీవు కూడా జేబులో పట్టే పుస్తకం ఒకటి కొని, ఏడు రోజుల పాటు గంటకొకసారి ఒక్క వాక్యం చొప్పున ఆ గంట దేనికి పోయిందో రాయి. రాత్రి పడుకోబోయే ముందు రోజంతా గుర్తుచేసుకుని ఒకేసారి రాయాలని చూడకు, ఎందుకంటే ఆ వేళకు జ్ఞాపకం మన పక్షాన వకాల్తా పుచ్చుకుని వాదిస్తుంది. ఖజానా శాఖలో ఉండగా నేను అకౌంట్స్ టెస్టు రెండుసార్లు తప్పి, మూడోసారికి ముందు ఈ పని చేశాను. ఆఫీసు వదిలాక టీ కొట్టు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడతానని ప్రమాణం చేసి చెప్పగలిగినవాడిని. చిట్టాలో అది గంటా పది నిమిషాలని తేలింది. ఆ స్నేహితులను నేను మానుకోలేదు, రోజూ వెళ్లేవాడిని వారానికి రెండు రోజులకు కుదించుకున్నాను.

వారం పూర్తయ్యాక చదువు, ఉద్యోగం, ఇల్లు, విశ్రాంతి, ఊరికే పోయినవి అని అయిదు పద్దులు వేసి గంటలు కూడు. విశ్రాంతిని ఊరికే పోయినవాటిలో కలపకు. సినిమాకు వెళ్లాలనుకుని వెళ్లిన మూడు గంటలు విశ్రాంతే. పుస్తకం తెరిచి పెట్టుకుని ఫోన్ చూసిన ముప్పావు గంట మాత్రం చదువూ కాదు, విశ్రాంతీ కాదు. మీ ఇంట్లో రాహుకాలం చూడనిదే గడప దాటరు గదా! రోజుకు గంటన్నర రాహుకాలాన్ని అంత జాగ్రత్తగా వదిలిపెట్టేవాళ్లం, ఫోన్‌లో పోయే గంటన్నరకు ఏ వర్జ్యమూ చూసుకోము. చదివే వేళ దానిని వేరే గదిలో పెట్టు. బల్ల మీదే బోర్లా పెడితే చేయి దాని మీదికే పోతుంది.

ఇక గంటలన్నీ ఒకే విలువ గలవి కావు. తెల్లవారుజామున అయిదింటికి అర్థమయ్యే ఆర్థిక వ్యవస్థ పాఠం, ఫైళ్లతో అలసి వచ్చిన రాత్రి తొమ్మిదింటికి అర్థం కాదు. కొరుకుడు పడని విషయానికి ఉదయపు గంటన్నర ఇచ్చి, చదివినదాన్ని తిరగేయడం, ఆంధ్రుల చరిత్ర వంటి నీకు ఇష్టమైన భాగాలు సాయంత్రానికి ఉంచుకో. కూర్చోగానే మనసు నిలవకపోతే ఘడియ లెక్కన చదువు. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర టమాటా ఆకారపు వంటింటి గడియారం పెట్టుకుని, 25 నిమిషాలు చదివి అయిదు నిమిషాలు ఆగే పద్ధతిని రూపొందించాడు. మన పంచాంగపు ఘడియ 24 నిమిషాలు కనుక, అంతసేపు కదలకుండా కూర్చోవడం మనకేమీ కొత్త కాదు. అయితే నమూనా పరీక్షను మాత్రం ముక్కలు చేయకు. ఆదివారం 150 ప్రశ్నలకు 150 నిమిషాలు ఏకబిగిన కూర్చుని రాసి, తప్పు సమాధానానికి మూడో వంతు మార్కు కోత వేసుకుని, తప్పులు ఎందుకు జరిగాయో చూసుకోవడానికి మరో గంట పెట్టుకో.

ఉన్న 30 గంటలకూ పని రాసుకోకు, 24 గంటలకే రాసుకో. ట్రెజరీలో ఏటా మార్చి చివరి వారం మాకు తిండీ నిద్రా ఉండేవి కావు. జనవరిలోనే తయారు చేయగలిగిన బిల్లులను కార్యాలయాలు 31వ తేదీ దాకా బిగపట్టి, కట్టలు కట్టలుగా ఒక్కసారే పంపేవి. ఎంత గడువు ఉంటే పని అంతకూ సాగుతుందని పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1955లో రాసినది చదివినప్పుడు, ఆయన మా కౌంటరు ముందు నిలబడి చూశాడా అనిపించింది. అందుచేత పరీక్ష తేదీని గడువుగా పెట్టుకోకుండా, ప్రతి శనివారం రాత్రికి ఇన్ని అధ్యాయాలు అని చిన్న గడువులు పెట్టుకో. వదిలి ఉంచిన ఆ ఆరు గంటలు ఏ పెళ్లికో, జ్వరానికో పోతే పోనీ. అవి మిగిలిపోయిన వారం హాయిగా నిద్రపో.

సాయంత్రం వేళ ఆఫీసులో తోటివారు తాము చేయవలసిన ఎంట్రీలు నీకు అంటగడుతున్నారని రాశావు. వారితో తగవు పడవద్దు, ‘రేపు పదింటికి రాగానే చేసిపెడతాను’ అని చెప్పి లేచి వచ్చేయి. అంత అవసరమైన పని అయితే వారే చేసుకుంటారు.

వచ్చే నెల ఊరికి వచ్చేటప్పుడు చిట్టా పుస్తకం వెంట తీసుకురా. సాఫు చేసి రాయకు, కొట్టివేతలతోనే చూపించు. గోడ మీది టైంటేబుల్‌ను మాత్రం చించి పారేయకు, దాని వెనుక వైపు ఖాళీగానే ఉంటుంది గనుక, నీ ముప్పై గంటల లెక్క అక్కడ వేసుకో.

ఇట్లు,
మీ మావయ్య