కోటు వద్దు, నాలుగు ఉతుకులు పడ్డ చుడీదార్ చాలు

అచ్చంపేట నుంచి ఒక తండ్రి అడిగారు: ఇంటర్ పూర్తి చేసిన మా అమ్మాయికి బెంగళూరులో డిగ్రీ సీటు కోసం ఇంటర్వ్యూ ఉంది, కోటు, బూట్లు కొనాలా? ఇంగ్లీషు అంతంత మాత్రమే, ఏం చదివించాలి?

కోటు వద్దండి. ఆ డబ్బు దారి ఖర్చులకు ఉంచండి. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. ఇలాంటి ఇంటర్వ్యూలకు నేను వరుసగా రెండేళ్లు వెళ్లాను. మొదటి ఏడాది సీటు రాలేదు.

అప్పుడు మా అమ్మ ముచ్చటపడి పోచంపల్లి ఇక్కత్ బట్టతో చుడీదార్ కుట్టించింది. బట్టలో ఏ లోపమూ లేదు. కానీ ఇంటర్వ్యూ నాడే దాని మడత విప్పాను. గంజి దిగని చున్నీ భుజం మీద నిలవలేదు, జవాబు చెప్పే ప్రతిసారీ సర్దుకోవలసి వచ్చింది. ఎదుట కూర్చున్న మేడమ్ చూపు నా ముఖం మీద నుంచి నా చేతి మీదికి జారడం నాకు తెలుస్తూనే ఉంది. మరుసటి ఏడు కూడా అదే జత వేసుకున్నాను. అప్పటికి నాలుగైదు ఉతుకులు పడి మెత్తబడింది. చున్నీని సన్నగా మడిచి, ఎడమ భుజం దగ్గర లోపలి వైపు నుంచి పిన్నీసు పెట్టాను. గదిలో ఉన్నంతసేపూ ఒంటి మీది బట్టలు గుర్తుకే రాలేదు.

మీరు కొత్తది కొన్నా రెండుసార్లు ఉతికించండి. ఇంట్లో ఒక పూట వేసుకుని కుర్చీలో కూర్చోమనండి. చెప్పులు కూడా వారం ముందు నుంచే అలవాటు కావాలి. రాత్రి బస్సులో ఆ జత వేసుకోవద్దు, దిగాక మార్చుకోవాలి.

ఇక చదువు మాట. మొదటిసారి నా గురించి పది ఇంగ్లీషు వాక్యాలు కంఠతా పట్టి వెళ్లాను. రెండో వాక్యం దగ్గరే ఆపి, "మీది ఫ్లోరైడ్ ప్రాంతం కదా, నల్గొండ టెక్నిక్ అంటే ఏమిటి?" అన్నారు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మా నాయనమ్మకు మెడ తిరిగేది కాదు, పక్కనున్న వాళ్లను చూడాలంటే మనిషి మొత్తం తిరిగేది. ఆ ఇంట్లో పెరిగి కూడా నేను నోరు తెరవలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది. తర్వాత చదివి తెలుసుకున్నాను: నీటిలో సున్నం, పటిక కలిపి తిప్పితే మడ్డి ఏర్పడి, ఫ్లోరైడ్ దానితో పాటు అడుగుకు దిగుతుంది, పైనున్న నీటిని వడగట్టుకుంటారు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) రూపొందించిన పద్ధతి అది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు.

రెండో ఏడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కెమిస్ట్రీ ఎందుకు అన్నారు. నాయనమ్మ మెడతో మొదలుపెట్టి పటిక దాకా చెప్పాను. నా ఇంగ్లీషు అప్పటికీ తప్పుల తడకే. మాట దొరకని చోట కాస్త సమయం అడిగాను, ఇచ్చారు.

మీ అమ్మాయి కూడా ఊరి నుంచే మొదలుపెట్టాలి. అచ్చంపేట అంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, చెంచులు, 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని జరిగిన ఆందోళన, పాలమూరు వలస కూలీలు. వీటిలో తన కళ్లతో చూసినది ఒకటి ఎంచుకుని, అది ఎందుకు అలా ఉందో తెలుసుకోమనండి. రోజూ రాత్రి మీకు తెలుగులో చెప్పాలి, తర్వాత అదే ఇంగ్లీషులో. మీకు అర్థం కాకపోయినా ఎదురుగా కూర్చుని వినండి. మా నాన్న అలాగే విన్నారు.

ఆదాయ ధ్రువపత్రానికి మాత్రం ఇప్పుడే మీసేవలో దరఖాస్తు పెట్టండి, ఫీజు రాయితీ అడగాలంటే అది చేతిలో ఉండాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో కూడా ఈరోజే చూడండి. ఏ సబ్జెక్టుకు వెళ్తోందో రాస్తే ఇంకొంచెం చెప్పగలను.