కాన్పుకు భార్య పుట్టింటికి వెళ్తే ఆ మొదటి ఏడాదిలో తండ్రి చేయవలసినవి

మీ భార్యకు ఏడో నెల. శ్రీమంతం కాగానే ఆమె పుట్టింటికి వెళ్తుంది, ఐదో నెల వచ్చాక బిడ్డతో తిరిగి వస్తుంది. మీ ఉద్యోగం హైదరాబాద్‌లో. మధ్యలో వెళ్లి చూసి రావడం తప్ప తండ్రిగా మీరు చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు. చాలా ఉంది. మా పరిస్థితీ అచ్చం ఇదే. నా భార్య పుట్టిల్లు తెనాలి, మా కాపురం హైదరాబాద్‌లో. మా పాపకు ఇటీవలే ఏడాది నిండింది కాబట్టి అన్నీ ఇంకా గుర్తున్నాయి.

పుట్టింటికి పంపే ఆచారాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కాన్పు అయిన మనిషికి తల్లి దగ్గర దొరికే విశ్రాంతి మరెక్కడా దొరకదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఐదు నెలలూ తండ్రి చుట్టంలా వచ్చి పోతాడు. బిడ్డను ఎలా ఎత్తుకోవాలో, ఏ ఏడుపు ఆకలిదో ఏది నిద్రదో ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుస్తుంది, అతనికి తెలియదు. తీరా హైదరాబాద్ వచ్చాక ఆ బరువంతా తల్లి ఒక్కదానిమీదే పడుతుంది. అందుకే నేను చెప్పేది ఒక్కటే: బిడ్డ మీ ఇంటికి వచ్చేదాకా ఆగకండి, బిడ్డ ఉన్నచోటికి మీరే వెళ్లి పనులు నేర్చుకోండి.

ముందు సెలవు సంగతి చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగమైతే మీ కంపెనీ ఇచ్చినంతే. నేను ఉన్న సెలవును రెండు ముక్కలు చేసి, సగం కాన్పు సమయంలో, మిగతా సగం బిడ్డకు నెల నిండే ముందు వాడుకున్నాను. రెండో సగమే ఎక్కువ పనికొచ్చింది. మొదటి వారం ఇంటినిండా మనుషులుంటారు. మూడో వారానికి చుట్టాలు వెళ్లిపోతారు, అత్తయ్య గారు అలసిపోతారు, బాలింతకు నిద్ర కరువవుతుంది.

ఆసుపత్రిలో మీరు గట్టిగా నిలబడవలసింది ముర్రుపాల దగ్గర. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టించాలి. సిజేరియన్ అయినా నర్సు సాయంతో అది సాధ్యమే. తేనె నాకించడం, పంచదార నీళ్లు పోయడం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఏడాది నిండేవరకు తేనె అసలు పెట్టకూడదు. అందులో ఉండగల బ్యాక్టీరియా పసిపిల్లల పేగుల్లో విషాన్ని తయారుచేస్తుంది. మొదటి కొద్ది రోజుల్లో బిడ్డ బరువు పది శాతం దాకా తగ్గి, రెండు వారాల్లోపు మళ్లీ పుంజుకుంటుంది. ఆ తగ్గుదల చూసి ఎవరో ఒకరు "పాలు చాలడం లేదమ్మా" అంటారు, వెంటనే డబ్బా పాల మాట వస్తుంది. చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి తేలికైన లెక్క ఉంది. ఐదో రోజు తర్వాత రోజుకు ఆరు గుడ్డలైనా తడవాలి. ఆ లెక్క నేను రాసేవాడిని. పాలు తాగిన వేళ, తడిపిన గుడ్డలు, విరేచనం రంగు అన్నీ ఒక నోటు పుస్తకంలో ఉండేవి. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆ పుస్తకమే నా భార్యకు ధైర్యం చెప్పింది.

స్నానం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను తండ్రినైనట్టు నాకు నిజంగా అనిపించింది అక్కడే. పాపకు నీళ్లు పోసేది నా భార్య అమ్మమ్మ గారు. పెరట్లో చిన్న పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, మోకాళ్ల కింది భాగం మీద పాపను బోర్లా పడుకోబెట్టుకునేవారు. పాప గడ్డం ఆమె కాళ్ల మధ్య సందులో ఒదిగేది, ముక్కు నోరు తెరుచుకునే ఉండేవి. నాకూ నేర్పమని అడిగితే ముందు ఆశ్చర్యపోయి, తర్వాత ఎంతో ముచ్చటపడ్డారు. నీళ్ల వేడిని మోచేత్తో చూడమన్నారు. నూనె రాసిన బిడ్డ చేతిలో జారిపోతుంది కాబట్టి చంక కింద వేళ్లు ఎలా పోనివ్వాలో చూపించారు. మెడ మడతలో, చెవి వెనక, పిడికిలి లోపల పాలచారలు చేరి పుండవుతాయని, అక్కడ వేలితో తుడవాలని చెప్పారు. నెల నిండేసరికి ఆమె పక్కన కూర్చుని చూస్తుంటే నీళ్లు నేనే పోశాను. ఆవిడ ఓపికకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఆవిడ చేసేవాటిలో కొన్ని మాత్రం వద్దనిపించాయి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం, కళ్లకు కాటుక పెట్టడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ పట్టడం. పెద్దావిడకు అల్లుడి హోదాలో ఎదురు చెప్పడం నాకు ఇష్టం లేదు. పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు అత్తయ్య గారిని కూడా తీసుకెళ్లి, ఈ మూడింటి గురించీ ఆమె ఎదుటే అడిగాను. డాక్టరు మూడూ మాన్పించారు, నూనెతో ఒళ్లు మర్దనా చేయడం మాత్రం కొనసాగించమన్నారు. కాటుక అరికాలికి దిష్టిచుక్కగా మారింది, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. మీరూ ఈ దారే పట్టండి.

బాలింత పథ్యం విషయంలో కూడా ఇలాగే జాగ్రత్తపడాలి. వెల్లుల్లి కారం, నెయ్యి వేసిన వేడి అన్నం మంచివే. కూరలు, పళ్లు మాన్పించడం, మంచినీళ్లు తగ్గించడం మాత్రం ఒప్పుకోకండి. పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 500 నుంచి 600 కేలరీలు అదనంగా కావాలి, దాహమూ ఎక్కువే. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా ఆరు నెలలపాటు వాడాలి.

ఆమె మనసు సంగతి దూరం నుంచి కనిపెట్టడం కష్టం. ఫోనులో "ఎలా ఉన్నావు" అంటే "బాగానే ఉన్నాను" అనే అంటుంది. రాత్రి ఏకబిగిన ఎంతసేపు పడుకున్నావు, అన్నం వేడిగా తిన్నావా, నువ్వు స్నానం చేసేటప్పుడు పాపను ఎవరు చూశారు అని అడిగితే అసలు విషయం బయటపడుతుంది. కాన్పు అయిన మొదటి వారంలో ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా ఆమెకు నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించి తీరాలి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

సెలవు అయిపోయాక నేను వీలైన ప్రతి శుక్రవారం రాత్రి రైలెక్కేవాడిని. శనివారం రాత్రి పాప పూచీ నాది. పాలివ్వడానికి తల్లి లేవక తప్పదు. తర్వాత భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తట్టడం, గుడ్డ మార్చడం, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టడం తండ్రి చేయవచ్చు. "అల్లుడు గారూ, మీరు రాత్రుళ్లు బిడ్డనెత్తుకుని తిరగడమేమిటి, పడుకోండి" అని అత్తయ్య గారు మొదట్లో నొచ్చుకున్నారు. ఆ ఒక్క రాత్రి తనకూ నిద్ర దొరుకుతోందని తెలిశాక ఆవిడే శనివారం కోసం ఎదురుచూశారు.

టీకాలకు తండ్రి ఉంటే మంచిది. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలు నిండాక. ఆ తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి సెలవు పెట్టుకోవచ్చు. బీసీజీ వేసిన ఎడమ భుజం మీద నాలుగు నుంచి ఆరు వారాలకు చిన్న బొడిపె లేచి, చీము పట్టి, మచ్చగా మానుతుంది. దాన్ని గిల్లకూడదు, మందు రాయకూడదు. ఆరు వారాల సూదికి జ్వరం రావడం మామూలే. మందు ఎన్ని చుక్కలో బిడ్డ బరువును బట్టి డాక్టరుతో అప్పుడే రాయించుకోండి. టీకా వేయకుండానే మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

జనన నమోదు 21 రోజుల్లో జరగాలి. పేరు తర్వాతైనా చేర్పించవచ్చు, ఏడాదిలోపైతే రుసుము ఉండదు. బారసాలలో పెట్టిన పేరు అక్షరం పొల్లుపోకుండా ధ్రువపత్రంలో పడిందో లేదో చూసుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క. మీ భార్యకు ఉద్యోగం ఉంటే, ప్రసూతి సెలవు చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకు వాడుకోవచ్చు. ఎనిమిదీ వాడేస్తే బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలల పైచిలుకు. ఐదో నెలలో తిరిగి రావడం అనే ఆనవాయితీ ఈ లెక్కకు సరిపోదు. కొత్త ఇల్లు, కొత్త గాలి, అమ్మమ్మ లేకపోవడం, తల్లి ఆఫీసుకు వెళ్లడం ఒకే వారంలో మీద పడితే బిడ్డ తట్టుకోలేదు. మేము పెద్దలకు నచ్చజెప్పి, ఉద్యోగంలో చేరడానికి మూడు వారాల ముందే మంచిరోజు చూసుకుని వచ్చేశాం. నా తల్లి వచ్చి మాతో ఉంది. యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని చట్టంలోనే ఉంది. మీ భార్య ఆఫీసులో అడిగి చూడండి.

తల్లి పిండి ఉంచిన పాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి. మా ఎండాకాలంలో బయట అసలు ఉంచలేదు. పాప సీసా పట్టలేదు. మా అమ్మ వెండి ఉగ్గుగిన్నె తీసింది. బిడ్డను ఒళ్లో కాస్త నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, పాలు పెదవి దాకా వచ్చేలా వంచితే చాలు, తనే చప్పరించుకుంటుంది. గొంతులో పోయకూడదు.

ఆడపిల్లకు బేసి నెల అని అన్నప్రాసన ఐదో నెలలో పెట్టారు. ముహూర్తానికి వేలితో పాయసం నాకించి, అన్నం మాత్రం ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టాం. బియ్యం, పెసరపప్పు వేయించి ఉడికించిన ఉగ్గు, నెయ్యి, అరటిపండు, తర్వాత గుడ్డు, తోటకూర. గరిట వంచితే జారిపోయేంత పలుచగా పెడితే కడుపు నిండినట్టే ఉంటుంది, బలం ఉండదు. ఏడాది వరకు ఉప్పు, పంచదార అక్కర్లేదు. ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఇనుము చాలదు, డాక్టరు ఐరన్ చుక్కలు రాస్తే మానకుండా వేయండి.

ఆ తర్వాత నెలలు చకచకా గడిచిపోయాయి. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు అన్నీ మా ఇంట్లో అయ్యాయి. తొమ్మిదో నెలలో కొత్తవాళ్లను చూస్తే గుక్కపట్టి ఏడ్చేది. ఆ సమయంలో నా భుజం మీదకు వచ్చి ఊరుకునేది. నా భార్య ఆఫీసు పని మీద ఊరు వెళ్లినప్పుడు పాపను ఒక్కడినే చూసుకోగలిగానంటే అది తెనాలి పెరట్లో నేర్చుకున్నదే.

మీకింకా రెండు నెలల వ్యవధి ఉంది. సెలవు సంగతి ఆఫీసులో ఈ నెలలోనే రాతపూర్వకంగా అడగండి. 26 వారాల లెక్క ఇద్దరూ కూర్చుని క్యాలెండరు మీద వేసుకోండి. శ్రీమంతానికి అందరూ కలిసినప్పుడు తిరిగి వచ్చే నెల గురించి అత్తయ్య గారితో, మామయ్య గారితో మర్యాదగా మాట్లాడండి. దానికంటే ముందు మీ భార్యను అడగండి: వారం వారం మీరు వచ్చి ఉండటం ఆమెకు ఇష్టమేనా, రాత్రిపూట ఏ పని మీకు అప్పజెప్పాలనుకుంటోంది అని.