ఫుట్‌బాల్ కోసం యుద్ధం జరిగిందా?

ప్రశ్న: సార్, 1969లో హోండురస్, ఎల్ సాల్వడార్ అనే పక్కపక్క దేశాలు ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి యుద్ధం చేసుకున్నాయని ఒక క్విజ్ పుస్తకంలో చదివాను. ఆటలో ఓడిపోతే సైన్యాన్ని పంపిస్తారా ఎవరైనా? కొంచెం వివరంగా చెప్పండి.

జవాబు: మీకొచ్చిన డౌట్ కరెక్టేనండి. మీ క్విజ్ పుస్తకంలో రాయని ముక్క ఒకటుంది, ఆ మ్యాచ్ ఓడింది హోండురస్, సైన్యాన్ని పంపింది గెలిచిన ఎల్ సాల్వడార్! మరి గెలిచినోళ్ళకి అంత కోపం దేనికి? భూమి గురించి.

ఎల్ సాల్వడార్ చిన్న దేశం, దాదాపు 21 వేల చదరపు కిలోమీటర్లు, జనం మాత్రం కిక్కిరిసి ఉంటారు, మంచి భూములన్నీ కొద్దిమంది కాఫీ తోటల ఆసాముల చేతుల్లో ఉండేవి. హోండురస్ దానికి ఐదింతలు పెద్దది, జనం తక్కువ. అందుకని జానెడు నేల లేని సాల్వడార్ పేదలు పొట్ట చేత పట్టుకుని ఏళ్ళ తరబడి సరిహద్దు దాటి పోతూనే ఉన్నారు, అరటి తోటల్లో కూలికి కుదిరినవాళ్ళు కొందరు, ఖాళీగా పడున్న నేల బాగుచేసి మొక్కజొన్న వేసుకుని అక్కడే పిల్లల్ని కని స్థిరపడ్డవాళ్ళు కొందరు, అలా 1969 నాటికి దాదాపు 3 లక్షల మంది అయ్యారు. అయితే హోండురస్ రైతులకీ భూమి లేదు, వాళ్ళు మాకు భూమి ఇవ్వండని గొడవ చేస్తుంటే అక్కడి ప్రభుత్వం పెద్ద భూస్వాముల జోలికి, పళ్ళ కంపెనీల జోలికి పోకుండా, హోండురస్‌లో పుట్టినవాళ్ళకే భూమి అనే చట్టాన్ని బయటికి తీసి ఈ వలస వచ్చినవాళ్ళ మీద పడింది. నాకు చాలా అన్యాయం అనిపించేది ఇక్కడే. పంట చేలో ఉండగానే ఖాళీ చేయమన్నారు, వేల కుటుంబాలు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వెనక్కి నడిచాయి.

సరిగ్గా అప్పుడే, 1969 జూన్‌లో, 1970 వరల్డ్ కప్ క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లు పడ్డాయి, గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా. హోండురస్ రాజధాని టెగుసిగల్పాలో హోండురస్ 1-0తో గెలిచింది, వారం తర్వాత ఎల్ సాల్వడార్ రాజధాని శాన్ సాల్వడార్‌లో ఎల్ సాల్వడార్ 3-0తో గెలిచింది, రెండుచోట్లా అవతలి టీమ్‌ని రాత్రంతా నిద్రపోనివ్వకుండా హోటల్ బయట గోల చేశారు, అభిమానులు కొట్టుకున్నారు. చెరొకటి గెలిచారు కాబట్టి, తేల్చుకునే మూడోది మెక్సికో సిటీలో, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో ఎల్ సాల్వడార్ గెలిచింది. ఆ రోజుల్లోనే రెండు దేశాలకీ దౌత్య సంబంధాలు తెగిపోయాయి.

జులై 14న ఎల్ సాల్వడార్ విమానాలు టెగుసిగల్పా ఎయిర్‌పోర్ట్ మీద బాంబులేశాయి, సైన్యం సరిహద్దు దాటింది. రెండువైపులా ఎగిరినవి రెండో ప్రపంచ యుద్ధం నాటి ప్రొపెల్లర్ విమానాలే. 17న హోండురస్ పైలట్ కెప్టెన్ ఫెర్నాండో సోటో ఒక్కడే 3 విమానాలు కూల్చాడు. ముందు రోజే అపోలో 11 చంద్రుడి వైపు బయల్దేరింది కదా, లోకమంతా ఆకాశం వైపు చూస్తుంటే ఇక్కడ ఊళ్ళు తగలబడుతున్నాయని ఎక్కువమందికి తెలియనే లేదు. అమెరికా ఖండ దేశాల సంస్థ మధ్యలోకొచ్చి దాదాపు 100 గంటల్లో కాల్పులు ఆపించింది. వేలల్లో చనిపోయారు, ఎక్కువమంది మామూలు జనమే.

ఎల్ సాల్వడార్ ఆ వరల్డ్ కప్‌కి వెళ్ళింది, 3 మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

శాంతి ఒప్పందం 1980 దాకా కుదరలేదు, సరిహద్దు తగాదా మీద అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు 1992లో వచ్చింది. తిరిగొచ్చిన వాళ్ళకి మాత్రం సొంత దేశంలో భూమీ లేదు, పనీ లేదు. ఎల్ సాల్వడార్‌లో తర్వాత 12 ఏళ్ళు సాగిన అంతర్యుద్ధానికి ఉన్న కారణాల్లో ఈ భూమి కరువు కూడా ఒకటి.