నిమ్మచెక్క, లవంగాలు, కర్పూరం పెడితే దోమలు నిజంగా పోతాయా?

ఏడాది పాప ఉంది, కాయిల్ పొగ పడట్లేదు, నిమ్మచెక్కలో లవంగాలు గుచ్చి పెడితే చాలా అని అడిగారు. ఇవన్నీ నేను చేసి చూసినవే.

మాది విజయవాడలో కింది వాటా, పక్కనే మురుగుకాలువ. బాబు పసివాడిగా ఉన్నప్పుడు మంచం చుట్టూ నాలుగు నిమ్మచెక్కలు పెట్టాను. తెల్లారేసరికి వాడి చెంప మీద మూడు దద్దుర్లు. మర్నాడు రాత్రి టార్చి వేసి చూస్తే, నిమ్మచెక్కకి జానెడు దూరంలో గోడ మీద దోమ వాలి ఉంది. మళ్లీ వాటి జోలికి పోలేదు.

కర్పూరం వెలిగిస్తే కాసేపు తగ్గినట్టే ఉంటుంది, తలుపు తీస్తే మళ్లీ మామూలే. ఆ బిళ్లలు మాత్రం పాపకి అందనివ్వకండి. మింగితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. వేపాకు పొగ మా అమ్మమ్మ గొడ్లచావిడిలో వేసేది. అక్కడ సరే గానీ, మూసిన గదిలో ఏ పొగైనా పసిపిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు. కొబ్బరినూనెలో వేపనూనె కలిపి నేను కాళ్లకి రాసుకుంటే గంటసేపు ఫర్వాలేదు, చెమట పట్టాక లాభం లేదు.

మమ్మల్ని కాపాడినవి దోమతెర, ఫ్యాను. దోమ మన ఊపిరిని, ఒంటి వాసనని పట్టుకుని వస్తుంది. ఫ్యాను గాలి ఆ జాడని చెదరగొడుతుంది, ఆ గాలిలో అది సరిగా ఎగరలేదు కూడా. తెర అంచులు పరుపు కిందికి దోపండి. పగటి నిద్రకీ కట్టండి, డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగలే.

మా పెద్దమ్మాయికి డెంగీ వచ్చినప్పుడు ఆ కాలువనే తిట్టుకున్నాను. అప్పుడు ఇంటికొచ్చిన ఆశా కార్యకర్త ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూపించింది. రెండు వేళ్ల లోతు తేట నీళ్లు, అందులో మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఈదుతున్న పురుగులు. పిల్ల పడుకునే గదికి పది అడుగుల దూరంలో! డెంగీ దోమ ఇష్టపడేది ఇలాంటి నిలవ నీళ్లనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు అంచుకి అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే ఒంపేస్తే సరిపోదు, పీచుతో తోమాలి.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఫ్రిజ్ ట్రే, కూలర్, మనీప్లాంట్ సీసా, కుండీల కింది పళ్లేలు తోముతాను. మీరు ఈరోజే ఒకసారి ఫ్రిజ్ వెనక చూడండి.