పిన్ని జవాబు: పులస వైపా, రొయ్య వైపా?

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. ఉద్యోగం వచ్చి కలకత్తా చేరి ఐదు నెలలైంది. అద్దె ఇంట్లో నాతో ఉండే ముగ్గురూ బెంగాలీలే. మొదటి రోజే "నువ్వు మోహన్ బగానా, ఈస్ట్ బెంగాలా?" అని అడిగారు. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదన్నాను. అప్పటి నుంచి నన్ను లెక్కలోకి తీసుకోవడం మానేశారు. ఈసారి ఆ రెండు ఫుట్‌బాల్ జట్లూ తలపడినప్పుడు సాల్ట్ లేక్ స్టేడియానికి తీసుకువెళతారట, కానీ ఏ రంగు చొక్కా వేసుకుంటానో ముందే తేల్చుకోవాలట. ఒకే ఊరి జట్ల మధ్య ఇంత వైరం ఎందుకు? దేశ విభజన వల్ల వచ్చిందని ఒకడంటున్నాడు. మీరు అక్కడ కాపురం చేశారని విన్నాను. నేను ఎటు చేరాలి?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అబ్బాయీ, ముందు నీ స్నేహితుడి లెక్క సరిచేద్దాం. విభజన 1947లో జరిగింది. ఈస్ట్ బెంగాల్ పుట్టింది 1920 ఆగస్టు 1న. అంటే గొడవ విభజన కంటే 27 ఏళ్ళు పెద్దది.

మోహన్ బగాన్ 1889 నాటిది. 1911 జూలై 29న, అక్కడి ఫుట్‌బాల్ సంఘం నడిపే ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో, దాదాపు జట్టంతా వట్టి కాళ్ళతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1తో ఓడించింది. తెల్లవాళ్ళను వాళ్ళ ఆటలోనే ఓడించిన జట్టు కదా, దేశమంతా నెత్తిన పెట్టుకుంది. తరువాత 1920 జూలై 28న కూచ్ బెహార్ కప్పులో మోహన్ బగాన్‌తో జోడాబాగాన్ అనే జట్టు ఆడవలసి వచ్చింది. జోడాబాగాన్ వాళ్ళు శైలేశ్ బోస్ అనే తమ ఆటగాణ్ణి పక్కన పెట్టేశారు. తూర్పు బెంగాల్ వాడు కనుకనే పెట్టారని ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురికి కోపం వచ్చింది. పెళ్ళిలో పంక్తి దగ్గర అలిగిన వియ్యంకుడిలా లేచి వెళ్ళిపోయి, నాలుగు రోజుల్లో సొంత క్లబ్బు పెట్టించాడు. 1925 మే 28న కలకత్తా లీగులో మొదటిసారి ఎదురుపడినప్పుడు కొత్త క్లబ్బే 1–0తో గెలిచింది.

విభజన చేసిందేమిటంటే, ఆ క్లబ్బును మనుషులతో నింపింది. ఇల్లూ పొలమూ వదిలి వచ్చినవాళ్ళకు ఊరి పేరు చెప్పుకోవడానికి ఒక జట్టు మిగిలింది. అటు నుంచి వచ్చినవాళ్ళు బాంగాల్, ఇటు పాతకాపులు ఘోటీ. ఘోటీ అంటే చెంబు. ఎవరు ఎవరికి ఆ పేర్లు పెట్టారో గాని, రెండూ వెక్కిరింపుగానే మొదలై ఉంటాయి.

ఇక నేను చూసింది చెబుతాను. 1974 నుంచి 1981 దాకా జాదవ్‌పూర్ వైపు ఒక కాలనీలో ఉన్నాం. కింద వాటా మాది, పై వాటా ఇంటివాళ్ళది. ఇంటావిడ తూర్పు బెంగాల్‌లోని ఫరీద్‌పూర్ నుంచి 1948లో వచ్చింది. మాసీమా అని పిలిచేదాన్ని. అంటే మన పిన్ని, పెద్దమ్మల వరుస. ఆవిడ దగ్గర ఒక కంచు గిన్నె ఉండేది. అంచు మీద మామగారి పేరు బెంగాలీ అక్షరాల్లో చెక్కి ఉంటుంది. అక్కడి ఇంట్లోంచి ఆవిడ చేతులతో మోసుకొచ్చిన సామాన్లో మిగిలింది అదొక్కటే. ఎదురిల్లు హుగ్లీ జిల్లా పాతకాపులది, అంటే మోహన్ బగాన్. ఆ ఇంటావిడను వీధి వీధంతా బౌదీ అనేది, మన వదిన.

1975 సెప్టెంబర్ 30, షీల్డ్ ఫైనల్. మా ఆయన ట్రాన్సిస్టర్ మెట్ల మీద పెట్టారు. మాసీమా సన్నికల్లు ముందు కూర్చుని ఆవాలు నూరుతోంది. ఐదో నిమిషంలో ఈస్ట్ బెంగాల్ సురజిత్ సేన్‌గుప్తా గోలు కొట్టాడు. పొత్రం ఆగింది. శ్యామ్ థాపా రెండు, రంజిత్ ముఖర్జీ ఒకటి, శుభంకర్ సన్యాల్ ఒకటి. గోలు పడ్డప్పుడల్లా పొత్రం ఆగడం, మళ్ళీ కదలడం. చివరికి 5–0. ఎదురింట్లో ఒక్కొక్క కిటికీ మూసుకుంది. సాయంత్రం బజారులో ఇలిశ్ చేప ధర ముట్టుకోలేనంతగా లేచిపోయింది. అది వేరే చేప కాదు, గోదావరికి ఎదురెక్కితే మనం పులస అంటామే, అదే. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. కలకత్తా చేపల మార్కెట్‌కు ఇది పండుగల కిందే లెక్క.

ఆ రాత్రి మాసీమా ఆవపిండి పెట్టి చేసిన పులుసును ఆ కంచు గిన్నెలో పోసి, మధ్య ముక్కలు ఏరి నాలుగు వేసి, తనే ఎదురింటికి పట్టుకెళ్ళింది. తోక ముక్కలు మాకు వచ్చాయి. అది ప్రేమో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ కలిసి ఉంటాయని నా అనుమానం. బౌదీ గిన్నె అందుకుంది, తలుపు వేసుకుంది.

గిన్నె తిరిగి రాలేదు. ఒకరి గిన్నె ఖాళీగా పంపకూడదన్న పట్టింపు అక్కడా ఉంది. నింపి పంపాలంటే రొయ్యలు వండాలి, రొయ్యలు వండాలంటే గెలవాలి. పూజలు వచ్చాయి, చలికాలం వెళ్ళింది. మాసీమా ఒక్కసారి కూడా అడగలేదు. మిగతా గిన్నెలు తోముతూ ఎదురింటి వైపు చూసేది, అంతే. 1976 జూలై 24న లీగ్ మ్యాచ్‌లో మన హైదరాబాద్ మహమ్మద్ అక్బర్ మోహన్ బగాన్‌కు 17 సెకన్లలో గోలు కొట్టాడు. మా ట్రాన్సిస్టర్ ఇంకా గరగరమంటూనే ఉంది. ఆ ఒక్క గోలే గెలిపించింది. రాత్రి ఎనిమిదింటికి బౌదీ వచ్చింది. గిన్నెను చింతపండు పెట్టి తోమినట్టుంది, దీపం వెలుతురులో మెరుస్తోంది. నిండా కొబ్బరిపాలలో ఉడికించిన రొయ్యలు. మాసీమా ముందు గిన్నె అంచు తడిమి చూసుకుంది, తరువాతే రొయ్యలు చూసింది.

మనవాళ్ళ సంగతి అంటావా, రెండు ఇళ్ళూ నన్ను లాగేవి. 1949, 50, 51ల్లో వరసగా షీల్డ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ ముందు వరుసను పంచపాండవులనేవారు: అహ్మద్ ఖాన్, వెంకటేశ్, సాలే, ధనరాజ్, అప్పారావు. "అప్పారావు మీవాడేగా!" అని మాసీమా. "హబీబ్, అక్బర్ అన్నదమ్ములు మీ హైదరాబాద్ వాళ్ళేగా!" అని బౌదీ. మా గంజాం బరంపురానికీ హైదరాబాద్‌కూ ఎంత దూరమో ఇద్దరికీ పట్టేది కాదు. తమాషా ఏమిటంటే 1974 దాకా హబీబ్ ఈస్ట్ బెంగాల్ వాడే, మాసీమా కన్నకొడుకులా చెప్పుకునేది. 1975లో రెండు గోల్స్ కొట్టిన శ్యామ్ థాపా తరువాత మోహన్ బగాన్‌కు వెళ్ళాడు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, 2–2 అయిన ఆ ఆటలో మోహన్ బగాన్ రెండు గోల్సూ హబీబ్, థాపాలవే. ఆటగాళ్ళు వీధి దాటుతారు, ఇళ్ళు దాటవు.

బహుశా నువ్వూ నేనూ ఇది త్వరగా అర్థం చేసుకుంటాం. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి ఒడిశాకు మారినప్పుడు, మా తాత మగ్గం గుంతలోంచి కాలు తీయకుండానే రాష్ట్రం మారిపోయింది. ఒడియావాళ్ళా, తెలుగువాళ్ళా అని ఇప్పటికీ అడిగించుకుంటున్నాం. అయినా మా మగ్గం మా ఇంట్లోనే ఉంది. మాసీమాకు గిన్నె మాత్రమే మిగిలింది. అందుకని ఆవిడ పక్షం నా పక్షం. నాలుక మాట అడిగితే మాత్రం వేరు. చిలికా రొయ్యలు తిని పెరిగినదాన్ని, ఆ లెక్కన నేను మోహన్ బగాన్.

చొక్కా సంగతి: ఆకుపచ్చ–మెరూన్ మోహన్ బగాన్, ఎరుపు–పసుపు ఈస్ట్ బెంగాల్. తప్పించుకుందామని నలుపు–తెలుపు వేసుకోకు, ఆ ఊరి మూడో క్లబ్బు మహమ్మదన్ స్పోర్టింగ్ రంగులవి. ముగ్గురినీ కూర్చోబెట్టి వాళ్ళ తాతల ఇల్లు ఎక్కడో అడుగు. ఎవరి జవాబు పొడుగ్గా ఉంటే వాళ్ళ పక్కన కూర్చో.

ప్రశ్న: పిన్నీ, మా రాయగడలో వీధి జట్ల పోటీ ఫైనల్లో మా అబ్బాయి ఒక వైపు, మా ఆడపడుచు కొడుకు ఇంకో వైపు ఆడారు. ఆట చివర తోపులాట అయింది. బావాబావమరుదులు నెల రోజులుగా మాట్లాడుకోవడం లేదు. ఫుట్‌బాలే మాన్పించనా?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: మాన్పించకు తల్లీ. తోపులాటను మాత్రం తేలిగ్గా తీసుకోకు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆటలోనే గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది పోయారు. మాసీమా కొడుకు ఆ రోజు ఆటకు వెళ్ళాడు. రాత్రి పదింటికి చెప్పులు లేకుండా ఇంటికి వచ్చాడు, ఒక చేతికి చొక్కా లేదు. అప్పటిదాకా మెట్ల మీద మాసీమా పక్కన కూర్చున్నది బౌదీ. రేడియో ఎవరూ పెట్టలేదు.

2024 ఆగస్టులో కలకత్తాలో ఒక యువ డాక్టర్ హత్య మీద ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఆ 18న జరగవలసిన ఈ జట్ల డ్యూరాండ్ కప్ ఆటను రద్దు చేశారు. రెండు క్లబ్బుల అభిమానులూ జెండాలు పట్టుకుని స్టేడియం బయట ఒకే గుంపుగా నిలబడి న్యాయం అడిగారు. బరంపురంలో టీవీ ముందు కూర్చుని నేను ఆకుపచ్చ జెండాలో, ఎరుపు జెండాలో విడదీసి లెక్కపెట్టబోయాను, కుదరలేదు.

కుర్రాళ్ళను పిలిచి చేతులు కలిపించకు, ఇద్దరికీ సిగ్గుగా ఉంటుంది. ఓడింది ఎవరో నువ్వు రాయలేదు. మీవాడు గెలిచి ఉంటే గిన్నె నింపి వాడి చేతికే ఇచ్చి మేనత్త ఇంటికి పంపు. ఓడి ఉంటే ఇంకో పోటీ దాకా ఆగు. మా బౌదీ పది నెలలు ఆగింది.