ఈ ఏడు క్యారల్స్ నువ్వు నడిపిస్తున్నావట

మా బుజ్జమ్మకు,

పెద్దమ్మ ప్రభువు నామంలో దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమం. మీ పెదనాన్న షుగర్ ఇప్పుడు కాస్త అదుపులో ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ డిసెంబర్‌లో యూత్ తరఫున క్రిస్మస్ క్యారల్స్ బాధ్యత నీకు అప్పగించారని చెప్పింది. ఇంటింటికీ తిరగడం మానేసి, గుడిలో స్టేజీ మీద నాలుగు పాటలు పాడి సరిపెట్టుకోవడం అలవాటైపోయిన సంఘంలో, మళ్లీ వీధుల్లోకి వెళదామని నువ్వే లేచి అడిగావట. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన సంఘంలో ఒక ఆడపిల్ల క్యారల్స్ నడిపించడం నేను చూడలేదు. మా రోజుల్లో మేం పాట అందుకునేవాళ్లం, అంతే. ఏ వీధికి వెళ్లాలో, ఎక్కడ ఆగాలో మగపిల్లలు చెప్పేవారు.

కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టి చెబుదామంటే, ఒకే విశాఖలో ఉన్నా మేం మధురవాడలో, మీరు కంచరపాలెంలో. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఓపికగా చదువు.

ముందు తేదీలు చూసుకో. డిసెంబర్ 4న నేవీ డే. బీచ్ రోడ్డులో విన్యాసాలు ఉంటే పిల్లలంతా అక్కడే ఉంటారు, నీకు ఒక్కడూ దొరకడు. 8న కొండగుడి పండుగ. జ్ఞానాపురం నుంచి మన చుట్టాలంతా ఆ రోజు రాస్ హిల్ ఎక్కుతారు. అది క్యాథలిక్ గుడి, మనం బాప్టిస్టులం. అయినా మీ అమ్మమ్మ నన్నూ మీ అమ్మనూ ఆ కొండకు తీసుకెళ్లేది. మేరీమాత గుడి ముందు నిలబెట్టి, పక్క కొండ మీద దర్గా, ఆ పక్కన వెంకటేశ్వరస్వామి గుడి చూపించి, "కింద ఓడ లోపలికి వస్తుంటే మూడు కొండల మీదున్నవాళ్లూ ఆ ఒక్క ఓడనే చూస్తారే" అనేది. నాకు కావలసినంత వేదాంతం ఆ మాటలోనే దొరికింది. అందుకని 10 దాటాక మొదలుపెట్టి 23కల్లా ముగించు. 24న ఎవరి ఇంట్లో వాళ్లకు పని ఉంటుంది.

టార్చిలైట్లు, మంచినీళ్లు, పాటల కాగితాలు నీకు నేను చెప్పక్కర్లేదు. ఆడపిల్లల్ని ఎవరి గుమ్మం దగ్గర వాళ్లను దింపాకే నువ్వు ఇంటికి వెళ్లు.

మీ ముందు ఎత్తి పట్టుకుని నడిచే స్టార్ గురించి మాత్రం గట్టిగా చెబుతున్నా. వెదురు బొంగుకే కట్టండి. ఇనుప పైపు, అల్యూమినియం పైపు వద్దే వద్దు. లోపల బ్యాటరీతో వెలిగే చిన్న లైటు చాలు. స్టార్ ఎంత ఎత్తున ఉంటే అంత గొప్ప అనుకుంటారు మగపిల్లలు. ఒక ఏడు మీ మావయ్య చేతిలోని బొంగు కరెంటు తీగకు జానెడు దూరంలో ఆగింది. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగబట్టి బతికాడు. ఆ రాత్రి తర్వాత పాట పాడుతున్నా నా కళ్లు పైనే ఉండేవి. ఇప్పటికీ డిసెంబర్‌లో రోడ్డు మీద స్టార్ కనిపిస్తే ముందు తీగ ఎక్కడుందో చూస్తాను. స్టార్ పట్టుకునేవాడి పక్కన తీగలు చూడటానికే ఒకణ్ణి పెట్టు. వాడికి ఇంకే పనీ చెప్పకు. తాటిచెట్లపాలెం వైపు హైవే దాటాల్సి వస్తే చిన్నపిల్లల్ని అసలు తీసుకెళ్లకు. బతిమాలతారు. అయినా వద్దు.

మైకు వద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ పెట్టకూడదన్న నిబంధన 2000 నుంచే ఉంది. అది లేకపోయినా నేను వద్దనే అంటాను. స్టీల్‌ప్లాంట్‌లో ఎ షిఫ్ట్‌కి వెళ్లేవాడు నాలుగింటికే లేవాలి. చంటిపిల్లల ఇళ్లుంటాయి. హార్మోనియం, డోలక్, తాళాలు, మీ గొంతులు చాలు. పదింటికల్లా ఆపేయండి. మేం తెల్లవార్లూ తిరిగేవాళ్లం. ధనుర్మాసం వచ్చాక, మేం ఇళ్లకు తిరిగొచ్చే వేళకు హరిదాసు బయలుదేరేవాడు. తలమీద పాత్ర, చేతిలో చిడతలు. ఆయన దారిలో హరినామం తప్ప వేరే మాట మాట్లాడడు కదా, మమ్మల్ని చూసి తల కాస్త ఊపేవాడు. మేం తాళాలు ఆపి పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లం. ఎవరూ నేర్పిన మర్యాద కాదది. నువ్వు ఆ వేళదాకా తిరగొద్దుగానీ, ఆ మర్యాద మాత్రం నీ పిల్లలకు ఉండాలి.

మనవాళ్లు కాని ఇళ్ల ముందు కూడా, వాళ్లు పిలిస్తే ఆగండి. ఒకసారి మా పక్కింటాయన అయ్యప్ప మాలలో ఉండి, "మా గేటు ఏం పాపం చేసిందమ్మా?" అని అడిగాడు. రెండు కీర్తనలు పాడాం. ఆయన అందరికీ అరటిపళ్లు పంచాడు. వద్దన్న ఇంటి ముందు మాత్రం ఒక్క క్షణం కూడా నిలబడొద్దు. ఎవరి గుమ్మంలోనూ వాదం పెట్టుకోవద్దు.

పాటలు ఏవి పాడాలో నీకే వదిలేస్తున్నా. కొత్తవి పాడుకోండి, చప్పట్లు కొట్టండి. ప్రతి ఇంటి దగ్గర ఒక్క పాత కీర్తన మాత్రం నిదానంగా, మాట మాట తెలిసేట్టు పాడాలి. మంచంలో ఉన్న ముసలివాళ్లు దానికోసమే మేలుకుని ఉంటారు. సండే స్కూలు పిల్లలకు ఈ ఊరి సంగతి కూడా చెప్పు. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అని ఇద్దరు మన విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని ఇక్కడే మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తమ పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూసుకోకుండానే వెళ్లిపోయారు వాళ్లు. మన మాటల్లో మన దేవుణ్ణి పాడుకోవడం వెనక అంత కథ ఉంది. పిల్లలకు తెలిస్తే పదాలు మింగేయరు.

ఇక నా నిద్ర పాడుచేసిన విషయం. కానుకలకు క్యూఆర్ కోడ్‌తో పాటు, దుకాణాల్లో ఉండే ఆ పలికే డబ్బా కూడా మోసుకెళతారట కదా. ఎవరు ఎంత వేసినా "ఇన్ని రూపాయలు అందాయి" అని అరుస్తుందే, అది. పిల్లలకు సరదాగా ఉంటుందని ఎవరో తెస్తామన్నారట. ఆ డబ్బా మీ క్యారల్స్‌లోకి రాకూడదు బుజ్జమ్మా. ఎందుకో చెబుతాను.

నాకింకా పెళ్లి కాని రోజులు, 1980లు. గుడికి పెంకులు తీసేసి స్లాబు వేయాలని సంఘం అనుకుంది. క్యారల్స్ కానుక దానికే అన్నారు. అప్పటిదాకా ఒక గుడ్డ సంచి తిరిగేది. ఎవరి చెయ్యి అందులోకి వెళ్లి ఏం వదిలిందో దేవుడికే తెలుసు. ఆ ఏడు మాత్రం మా పెద్దల్లో ఒకాయన రూళ్ల పుస్తకం తెచ్చాడు. ఇంటి పేరు, పక్కన మొత్తం. పేరు రాస్తే నలుగురూ నాలుగు రూపాయలు ఎక్కువేస్తారని ఆయన లెక్క. లెక్క తప్పు కాలేదు, కానుక బాగానే పెరిగింది. మరుసటి ఏడు ఇంకో అడుగు వేశారు. ఎక్కువిచ్చే ఇళ్లకు ముందు వెళ్లడం, మిగతావి ఓపిక ఉంటే చూడటం. క్రిస్మస్ ఉదయం, గుడి నిండా జనం, కొత్తబట్టల వాసన, మైకులో ఆ పుస్తకం చదివారు. పెద్ద మొత్తంతో మొదలుపెట్టి చిన్న మొత్తం దాకా.

మన డోలక్ వాయించే ఆయన పోర్టులో కలాసీగా చేసేవాడు. రోజంతా బరువులు మోసి వచ్చి, రాత్రి మాతో పాటు ఊరంతా తిరిగి వాయించేవాడు. ఆ వేళ్లకు అంత సున్నితం ఎక్కడిదా అనుకునేదాన్ని. ఆ ఏడు భార్యకు జబ్బు చేసి చేతిలో ఏమీ మిగల్లేదు. అయినా ఖాళీ చేతులతో ఉండకూడదని రెండు రూపాయలు వేశాడు. ఆ పేరు చివర వచ్చింది. "రెండు రూపాయలు" అని మైకులో వినపడింది. ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వి ఉంటే కనీసం ఆయనకు కోపమైనా వచ్చేది. ఆయన బావమరుదులు ఊరినుంచి వచ్చి అదే బెంచీలో కూర్చుని ఉన్నారు. ఆయన తల వంచుకుని డోలక్ తాడు సరిచేసుకుంటూ ఉండిపోయాడు. అంతకు ముందు నెలలోనే అదే పల్పిట్ మీదనుంచి తనకున్నదంతా కానుకగా వేసిన విధవరాలి రెండు కాసుల మీద ప్రసంగం విన్నాం మేమంతా. కళ్లు తుడుచుకుంటూ విన్నాం.

మరుసటి డిసెంబర్‌లో పిలవడానికి వెళితే డోలక్ తీసి మా చేతికిచ్చాడు. "పట్టుకెళ్లండమ్మా, నేను రాలేను" అన్నాడు. అంతే. నిష్ఠూరం లేదు, కారణం లేదు. ఆ పై ఏడూ అంతే. గుడికి వచ్చేవాడు, వెనక బెంచీలో కూర్చుని, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వెళ్లిపోయేవాడు. క్యారల్స్‌కి మాత్రం డోలక్ వచ్చేది, ఆయన రాలేదు. పాస్టర్ అయ్యగారు స్వయంగా వాళ్లింటికి వెళ్లి బతిమాలారు. ఆ పుస్తకం మూలన పడేశారు, సంచి మళ్లీ వచ్చింది. స్లాబు కూడా పడింది. ఆయన రాలేదు. ఆ డోలక్ ఆయన పోయాక వాళ్లావిడ డోలక్‌ను గుడికి ఇచ్చేసింది. మీ యూత్ బీరువాలో, ఒకవైపు తోలు మార్చినది ఉందే, అదే.

అందుకే ఆ డబ్బా వద్దంటున్నాను. ఫోన్‌పే పెట్టుకోండి, కాలం మారింది, తప్పులేదు. కానీ ఎవరు ఎంత వేశారో పేర్లతో సహా ఫోన్‌లో కనిపిస్తుంది. ఆ ఫోన్ సంఘం ట్రెజరర్‌దే కావాలి, పిల్లల్లో ఎవరిదీ కాకూడదు. స్క్రీన్‌షాట్ ఏ వాట్సాప్ గ్రూపులోకీ వెళ్లకూడదు. గుడిలో మొత్తం ఒక్కటే చెప్పండి, అది కూడా ఖర్చు లెక్కతో కలిపి. పేర్లు చదవమని పెద్దలెవరైనా అడిగితే నా పేరు చెప్పు. నేను మాట్లాడతాను. ఆ విషయంలో నాకు ఎవరి మొహమాటమూ లేదు.

ఇళ్ల క్రమం కూడా వీధి వరసనే పెట్టు. ఈ చివరనుంచి ఆ చివరకు. మధ్యలో ఒక్క ఇల్లు దాటినా, లైటు వేసుకుని కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. ఆ ఏడు చావు జరిగిన ఇంటిని దాటేయడం గౌరవమని కొందరు అనుకుంటారు. మీ తాతయ్య పోయిన ఏడు మన గుమ్మం ముందు కూడా మాట తగ్గించుకుని నడిచి వెళ్లిపోయారు. మీ అమ్మమ్మ టీ కాచి పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. ముందే వెళ్లి అడుగు. వద్దంటే సరే. రమ్మంటే డోలక్ లేకుండా ఒక్క కీర్తన పాడి, ప్రార్థన చేసి రండి.

తినడం సంగతి. ఒకరు కేకు పెడితే పక్కింటివాళ్లు అప్పుచేసైనా కేకు తెస్తారు. "ఎవరూ ఏమీ పెట్టొద్దు, మంచినీళ్లు చాలు" అని ముందు ఆదివారమే అయ్యగారితో గుడిలో చెప్పించు. ప్రతి రాత్రీ ఆఖరున టీ, బిస్కెట్లు సంఘం డబ్బుతో అందరికీ ఒకేచోట. మా ఇంటికీ అదే రూలు అనుకో.

అంత గట్టిగా రాశానని భయపడకు. పాటలో శృతి తప్పినా, దారి తప్పినా, ఒక రాత్రి సగం మంది రాకపోయినా ఏం కాదు. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఆ డిసెంబర్‌లో వీధులే గుర్తుపట్టలేకపోయాం, చెట్లన్నీ పడిపోయి. అయినా పాడాం. జనం ఎప్పటికన్నా ఎక్కువసేపు గుమ్మాల్లో నిలబడ్డారు. నువ్వు ఇళ్ల ముందుకు వెళ్లు, చాలు. నీ గొంతు మీ అమ్మమ్మ గొంతు. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పలేదేమో, నేను చెబుతున్నా. మంచులో తిరిగేటప్పుడు తలకు స్కార్ఫ్ కట్టుకో, పొద్దున్నే ఆఫీసు కాల్స్ ఉంటాయి నీకు.

మేమిద్దరం 20న మీ ఇంటికి వస్తాం. మీ వీధి 21న పెట్టుకోగలవేమో చూడు. 22న మీ పెదనాన్నకు డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది, పొద్దున్నే బయలుదేరాలి. అనకాపల్లి బెల్లం తెప్పించాను. అరిసెలు క్యారల్స్ వాళ్లకు కాదు, మీ ఇంటికి. డబ్బా ఖాళీ చేసి ఉంచమని మీ అమ్మకు చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ